విశాఖలో డిగ్రీ, బీటెక్ చేరేవారికి: ఏ మార్కుల పద్ధతి ఎవరికి సరిపోతుంది?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అయినా, డిగ్రీ సీట్లకు ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ అడ్మిషన్లయినా, ఆప్షన్లు పెట్టే వారంలో మన ఇళ్లలో నడిచే చర్చ దాదాపు ఒకటే. ఫీజెంత, ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయి, గాజువాక నుంచి బస్సుందా, హాస్టల్లో తిండి బాగుంటుందా. మార్కులెలా వేస్తారని అడిగేవాళ్లు చాలా తక్కువ. "ఎక్కడైనా గ్రేడ్లే కదా" అని వదిలేస్తారు. కానీ చేరాక పిల్లలు ఎప్పుడు చదవాలో, ఒక సెమిస్టర్ దెబ్బతింటే ఎంత త్వరగా కోలుకోగలరో తేల్చేది ఆ పద్ధతే. అందుకే ఫీజు అడిగిన నోటితోనే దీని గురించీ అడగమంటాను.

పైకి చూస్తే అన్నిచోట్లా పది పాయింట్ల స్కేలే. 2015లో యూజీసీ (యూనివర్సిటీల మీద నియంత్రణ సంస్థ) సీబీసీఎస్ (కోర్సులు ఎంచుకునే క్రెడిట్ పద్ధతి) మార్గదర్శకాల్లో సూచించిన ప్రకారం ఓ అంటే 10, ఏ ప్లస్ 9, ఏ 8, బీ ప్లస్ 7, బీ 6, సీ 5, పీ 4, తప్పితే ఎఫ్. జేఎన్‌టీయూ తరహా రెగ్యులేషన్లలో మాత్రం బీ అంటే 70 నుంచి 79 మార్కులు, 8 పాయింట్లు. అదే అక్షరానికి ఒకచోట 6, ఇంకోచోట 8. మధురవాడలో బీటెక్ చదివే అన్నకి అన్నీ బీలు, ఊళ్లో డిగ్రీ చేసే చెల్లికి అన్నీ ఏలు వచ్చాయనుకోండి, ఇంట్లో తిట్లు అన్నకే. పాయింట్లు చూస్తే ఇద్దరివీ ఎనిమిదే. కాబట్టి అక్షరాలు పక్కన పెట్టి, వాటి వెనకున్న లెక్క చూడాలి.

## పోల్చేటప్పుడు ఏం చూడాలి

అన్నిటికంటే ముందు, పేపర్ ఎవరిస్తారు, ఎవరు దిద్దుతారు? యూనివర్సిటీయా, కాలేజీయా, పాఠం చెప్పిన మాస్టారేనా? రెండోది, వందలో ఇంటర్నల్ మార్కులెన్ని, అంటే చివరి పరీక్ష కాకుండా సెమిస్టర్ మధ్యలో కాలేజీ వేసేవి? 25, 30, 40 ఇలా రకరకాలుగా ఉంటుంది. మూడోది, గ్రేడ్ గీత ఎక్కడ గీస్తారు? 90 దాటితే టాప్ గ్రేడ్ అని ముందే చెప్పేస్తారా, క్లాసు మొత్తం ఎలా రాసిందో చూసి ఆ తర్వాత గీస్తారా?

నాలుగోదాన్ని తల్లిదండ్రులు అడగడానికి మొహమాటపడతారు: సబ్జెక్ట్ తప్పితే ఏమవుతుంది? సప్లీ ఎన్నాళ్లకి పెడతారు, ఎన్ని క్రెడిట్లు (సబ్జెక్ట్ బరువును చెప్పే అంకె, పాసైతే దక్కుతుంది) లేకపోతే పై సంవత్సరానికి పంపరు? జేఎన్‌టీయూ తరహాలో రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి వెళ్లాలంటే అప్పటిదాకా ఉన్న క్రెడిట్లలో 40 శాతం ఉండాలనే నియమం వాడుకలో ఉంది. ఇక ఐదోది, సీజీపీఏని, అంటే అన్ని సెమిస్టర్ల పాయింట్ల సగటుని, శాతంగా మార్చే ఫార్ములా. దాని గురించి వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఉద్యోగం దగ్గర ఇబ్బంది పెట్టేది అదే.

## యూనివర్సిటీ పరీక్షతో నడిచే అఫిలియేటెడ్ కాలేజీ

1926లో మొదలైన ఆంధ్రా యూనివర్సిటీ కింద డిగ్రీ కాలేజీలు చాలా ఏళ్లుగా ఈ పద్ధతిలోనే నడిచాయి. విజయనగరంలో కొత్తగా వచ్చిన జేఎన్‌టీయూ గురజాడకి అఫిలియేట్ అయిన ఇంజినీరింగ్ కాలేజీల్లో అటానమస్ హోదా లేనివాటిదీ ఇదే దారి. పేపర్ యూనివర్సిటీ నుంచి వస్తుంది, దిద్దడం మీ కాలేజీ చేతిలో ఉండదు, 70 నుంచి 75 మార్కులు చివరి పరీక్షకే ఉంటాయి.

ఇంటర్ నుంచి వచ్చే పిల్లలకి ఇది అలవాటైన పద్ధతి. పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయి, ఏ యూనిట్ నుంచి ఏం వస్తుందో అంచనా ఉంటుంది. యూనిట్‌కి రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమనే ఛాయిస్ చాలాచోట్ల ఉంటుంది. అలా అని ఒక యూనిట్ మొత్తం వదిలేస్తే ఆ మార్కులు ఇంకెక్కడా పూడవు.

దీనిలో పెద్ద లాభం, ఎవరి ఇష్టాయిష్టాలూ మీ మార్కుల్లోకి పెద్దగా రావు. లెక్చరర్‌తో మాటపట్టింపు వచ్చినా మీ జవాబు పత్రం మీ పేరు తెలియని మనిషి దగ్గరికి వెళ్తుంది. నష్టం కూడా అక్కడే ఉంది. పరీక్ష రోజున జ్వరం వస్తే సెమిస్టర్ కష్టమంతా పోయినట్టే. ఫలితాలు ఆలస్యం కావచ్చు, రీవాల్యుయేషన్ ఫలితం వచ్చేలోపు సప్లీ ఫీజు గడువు ముంచుకొస్తుంది. ఫీజు రెండూ కట్టి కూర్చునే పిల్లల్ని ప్రతి ఏడాదీ చూస్తాం. అలాంటప్పుడు రెండూ కట్టడమే మంచిది, డబ్బు పోతుందని ఆగొద్దు.

## అటానమస్ కాలేజీ

యూజీసీ నుంచి స్వయంప్రతిపత్తి తెచ్చుకున్న కాలేజీలు విశాఖ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. ఇంజినీరింగ్‌లోనూ, పాత డిగ్రీ కాలేజీల్లోనూ కనిపిస్తాయి. సిలబస్, పేపర్, వాల్యుయేషన్, ఫలితాలు కాలేజీ చూసుకుంటుంది. పట్టా మాత్రం యూనివర్సిటీదే. ఫలితాలు త్వరగా వస్తాయి, సప్లీలు త్వరగా పెడతారు. ఒకసారి తడబడిన పిల్లలకి ఆ వేగం చాలా విలువైనది. బ్యాక్‌లాగ్ ఆరేడు నెలలు మెడకి వేలాడితే తర్వాతి సెమిస్టర్ చదువు కూడా పాడవుతుంది.

ఇక్కడ ఇంటర్నల్స్ బరువు తెలుసుకోవాలి. ఒక సాధారణ పద్ధతి చూద్దాం. ఇంటర్నల్ 30, చివరి పరీక్ష 70. సెమిస్టర్ మధ్యలో రెండు పరీక్షలు, వాటినే మిడ్స్ అంటారు. ఎక్కువ వచ్చిన మిడ్‌కి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ. మొదటి మిడ్‌లో 30కి 24, రెండోదాంట్లో 12 వచ్చాయనుకోండి. 24లో 80 శాతం 19.2, 12లో 20 శాతం 2.4, మొత్తం 21.6, అంటే 22. అదే సగటు తీసే కాలేజీలో అయితే 18. ఇప్పుడు మొత్తం 70 తెచ్చుకుని 8 పాయింట్లు రావాలంటే మొదటి కాలేజీలో చివరి పరీక్షకి 48 చాలు, రెండోదాంట్లో 52 కావాలి. ఇద్దరూ ఒకేలా రాసినా ఒక పాయింట్ తేడా పడొచ్చు. మిడ్స్ లెక్క ఎలా కడతారని అడగమనేది ఇందుకే.

పాస్ గీత కూడా చూసుకోండి. చాలా రెగ్యులేషన్లలో మొత్తం 40 రావాలి, దాంతోపాటు చివరి పరీక్షలో విడిగా 35 శాతం రావాలి. 70కి 35 శాతం అంటే 24.5, అంటే 25 తెచ్చుకోవాల్సిందే. ఇంటర్నల్స్‌లో 28 వచ్చిన అమ్మాయి చివరి పరీక్షలో 20 రాస్తే మొత్తం 48 అవుతుంది, అయినా ఫెయిలే. "నలభై దాటాయి కదా" అని ఇంట్లోవాళ్లు కాలేజీకి పరుగెత్తే కేసులు ఎక్కువగా ఇవే.

అటానమస్‌లో నాకున్న ఒకే ఒక్క భయం, ఇంటర్నల్ మార్కులు చూపించకపోవడం. దిద్దిన మిడ్ పేపర్ చేతికిచ్చి, తప్పుంటే అక్కడే సరిదిద్ది, సంతకం పెట్టించుకునే కాలేజీలో 40 మార్కులు ఇంటర్నల్స్‌కి ఉన్నా భయం లేదు. పేపర్ చూపించకుండా నోటీసు బోర్డు మీద అంకె మాత్రం అంటించే చోట 25 ఉన్నా ఎక్కువే. చేరేముందు ఆ కాలేజీలో రెండో ఏడాది చదివే ఎవరినైనా పట్టుకుని "మిడ్ పేపర్ తిరిగి ఇస్తారా?" అని అడగండి. కాలేజీ బ్రోషర్‌లో ఈ సంగతి ఉండదు.

## రిలేటివ్ గ్రేడింగ్ ఉన్న చోటు

ఐఐటీలు, ఎన్‌ఐటీలు, కొన్ని డీమ్డ్, ప్రైవేట్ యూనివర్సిటీల్లో ఈ పద్ధతి కనిపిస్తుంది. ఇక్కడ పాఠం చెప్పినవారే పేపర్ ఇస్తారు, వాళ్లే దిద్దుతారు, గ్రేడ్ గీత క్లాసు సగటును బట్టి పడుతుంది. వాడుకలో ఉన్న ఒక లెక్క ఇలా ఉంటుంది: క్లాసు సగటుకి స్టాండర్డ్ డీవియేషన్‌లో (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) ఒకటిన్నర రెట్లు కలిపితే వచ్చే మార్కు దాటినవారికి టాప్ గ్రేడ్, సగం రెట్లు కలిపిన మార్కు దాటినవారికి రెండోది, సగటుకి అటూ ఇటూ సగం రెట్ల లోపు ఉన్నవారికి 8 పాయింట్లు.

పేపర్ కష్టంగా వచ్చి సగటు 54, డీవియేషన్ 12 అనుకోండి. 72 దాటితే 10 పాయింట్లు. 74 తెచ్చుకున్న కుర్రాడికి మామూలు పద్ధతిలో 8 వచ్చేవి, ఇక్కడ 10. పేపర్ తేలికై సగటు 78, డీవియేషన్ 8 అయితే కథ తిరగబడుతుంది. 72 వచ్చిన పిల్లకి మామూలుగా 8 వచ్చేవి, ఇక్కడ 74 కన్నా తక్కువ కాబట్టి 7కి దిగుతుంది.

కష్టమైన పేపర్ ఇచ్చే మాస్టారి దగ్గర ఇది న్యాయంగా పనిచేస్తుంది, అది ఒప్పుకోవాలి. కానీ తోటివాడి మార్కు నా గ్రేడ్‌ని దించుతుందన్న ఆలోచన క్లాసులోకి వచ్చేస్తుంది. నోట్స్ ఇవ్వడానికి వెనకాడే వాతావరణం కొన్నిచోట్ల తయారవుతుంది. మంచి ర్యాంకులవాళ్లంతా ఒకే సెక్షన్‌లో పడితే మధ్యలో ఉన్న పిల్లలకి అది రోజూ టెన్షనే. చిన్న క్లాసుల్లో, ఎలెక్టివ్‌లో పదిహేను మందే ఉన్నప్పుడు, సగటు లెక్కకి అర్థం ఉండదు. అలాంటి క్లాసులకి ఏ పద్ధతి వాడతారో అడిగి తెలుసుకోండి.

## మూడూ పక్కపక్కన

| చూడాల్సింది | యూనివర్సిటీ పరీక్ష | అటానమస్ | రిలేటివ్ |
|---|---|---|---|
| పేపర్, వాల్యుయేషన్ | యూనివర్సిటీ | కాలేజీ | పాఠం చెప్పినవారు |
| ఇంటర్నల్స్ బరువు | తక్కువ | మధ్యస్థం నుంచి ఎక్కువ | చాలా ఎక్కువ, క్విజ్‌లు, ప్రాజెక్టులు కలిపి |
| గ్రేడ్ గీత | ముందే తెలుసు | ముందే తెలుసు | పరీక్ష అయ్యాక |
| తప్పితే కోలుకోవడం | నెమ్మది | త్వరగా | చాలాచోట్ల కోర్సు మళ్లీ చదవాలి |
| పక్షపాతం భయం | తక్కువ | పేపర్లు చూపించకపోతే ఉంది | ఉంది |
| ఎవరికి తేలిక | చివర్లో గట్టిగా చదివేవారికి | వారం వారం చదివేవారికి | పోటీలో నిలబడేవారికి |

## ఒక మెమో దగ్గరగా

ఎస్‌జీపీఏ, అంటే ఒక సెమిస్టర్ సగటు, లెక్కకట్టడమంటే ప్రతి సబ్జెక్ట్ పాయింట్‌ని దాని క్రెడిట్లతో గుణించి, అన్నీ కలిపి, మొత్తం క్రెడిట్లతో భాగించడం. 3 క్రెడిట్ల థియరీలు ఐదు, 1.5 క్రెడిట్ల ల్యాబులు మూడు ఉన్న సెమిస్టర్ తీసుకుందాం. మొత్తం 19.5 క్రెడిట్లు. థియరీల్లో 8, 7, 6, 9, 7, ల్యాబుల్లో 10, 10, 9. థియరీల నుంచి 111, ల్యాబుల నుంచి 43.5, కలిపి 154.5. భాగిస్తే 7.92.

ఇప్పుడు ఆ 6 వచ్చిన థియరీ తప్పిందనుకోండి. 19.5 క్రెడిట్ల మీదే లెక్క కడితే 7.00కి పడిపోతుంది. ఒక్క సబ్జెక్ట్‌తో దాదాపు పూర్తి పాయింట్ పోయింది. అదే ఏదీ తప్పకుండా, ల్యాబుల్లో 9 ఉన్నదాన్ని 10 చేసుకుంటే 7.92 కాస్తా 8.00 దాకా వెళ్తుంది. ల్యాబ్ రికార్డ్ వేళకి ఇవ్వడం, వైవాకి చదువుకుని వెళ్లడం పిల్లలు చిన్నచూపు చూస్తారు గానీ, తక్కువ శ్రమతో మార్కులు నిలబెట్టేది ఆ రికార్డే. 6ని 7 చేసుకుంటే ఇంకాస్త ఎక్కువ, 8.08.

## శాతంగా మార్చే ఫార్ములా

సాంకేతిక విద్యని చూసే ఏఐసీటీఈ ఇచ్చిన పట్టికలో 6.75 పాయింట్లు అంటే 60 శాతం, 7.75 అంటే 70. అంటే 0.75 తీసేసి పదితో గుణించాలి. కొన్ని రెగ్యులేషన్లలో 0.5 తీస్తారు, కొన్ని చోట్ల నేరుగా పదితో గుణిస్తారు. సీజీపీఏ 6.6 ఉన్న ముగ్గురు పిల్లల్ని తీసుకోండి. మొదటివాడికి 58.5 శాతం, రెండోవాడికి 61, మూడోవాడికి 66. 60 శాతం కటాఫ్ పెట్టిన కంపెనీ క్యాంపస్‌కి వస్తే మొదటివాడు పరీక్ష రాయడానికి కూడా వీల్లేదు. వాడు ముగ్గురిలో ఎవరికన్నా తక్కువ చదవలేదు.

మీ కాలేజీలో కఠినమైన ఫార్ములా ఉంటే మొదటి ఏడాది నుంచే 7కి పైన ఉండాలని లెక్క పెట్టుకోండి. మూడో ఏడాదిలో లేపుదాం అనుకుంటే కష్టం, అప్పటికి పాత క్రెడిట్ల బరువు పెరిగిపోయి ఉంటుంది. ఫార్ములా రాసిన పేజీని కాలేజీ నుంచి స్టాంపు వేయించుకుని దాచుకోండి. ప్రభుత్వ ఉద్యోగాల సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో అడుగుతారు.

## చేరాక మీ చేతిలో ఉండే ఆప్షన్లు

కాలేజీ పద్ధతి మార్చలేరు కానీ, లోపల కొన్ని తలుపులు ఉంటాయి.

క్రెడిట్ లేని కోర్సులు, అంటే బీటెక్‌లో కొన్నిచోట్ల రాజ్యాంగం, పర్యావరణం లాంటివి, పాసైతే చాలు, సీజీపీఏలోకి రావు. వాటికి హాజరు తప్పకుండా చూసుకోండి, మార్కుల గురించి బెంగ వద్దు. అయితే పాస్ కాకపోతే పట్టా ఆగిపోతుంది.

కేంద్రం నడిపే స్వయం (SWAYAM) ఆన్‌లైన్ కోర్సులకి యూజీసీ 2021 నిబంధనలు సెమిస్టర్‌లో 40 శాతం దాకా అవకాశమిచ్చాయి. కాలేజీ ఎంత ఒప్పుకుంటుందన్నది వేరే సంగతి. స్వయంలో ఐఐటీల వాళ్లు చెప్పే ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో 25 మార్కులు వారం వారం అసైన్‌మెంట్లకి, 75 సెంటర్‌లో కూర్చుని రాసే పరీక్షకి. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రావాలి. ఇంగ్లీష్ లెక్చర్లు వినగలిగి, కాలేజీలో ఆ ఎలెక్టివ్ చెప్పేవారు సరిగా లేరనిపిస్తే మంచి దారి. ఆ మార్కుని కాలేజీ గ్రేడ్‌గా ఎలా మారుస్తుందో మాత్రం ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఆనర్స్, మైనర్ అంటే బీటెక్‌లో అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు. సీజీపీఏ బాగా ఉండి, పైచదువు మీద మనసున్నవారికే. 7 దగ్గర తంటాలు పడుతున్నవారు దీని జోలికి వెళ్లకపోవడమే మేలు.

డిగ్రీలో 2023–24 నుంచి మన రాష్ట్రంలో సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్ట్ పద్ధతి వచ్చింది. మూడేళ్లకి బయటికి రావాలా, నాలుగో ఏడాది ఆనర్స్ చేయాలా అన్నది ఇప్పుడు ప్రతి ఇంట్లో ప్రశ్న. యూజీసీ లెక్కలో మూడేళ్లకి 120, నాలుగేళ్లకి 160 క్రెడిట్లు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉంటేనే రీసెర్చ్‌తో కూడిన ఆనర్స్. నాలుగేళ్ల డిగ్రీతో నేరుగా పీహెచ్‌డీకి వెళ్లాలన్నా 75 శాతం, రిజర్వేషన్ వర్గాలకి 5 శాతం సడలింపు. పరిశోధన ఆలోచన ఉంటే మొదటి సెమిస్టర్ నుంచే ఆ గీత గుర్తుంచుకోవాలి. బీఈడీకో, గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో వెళ్లేవారికి మూడేళ్లు చాలు, నాలుగో ఏడాది కోచింగ్‌కి దక్కుతుంది.

## మరి ఎవరు ఏది ఎంచుకోవాలి

ఇంటర్‌లో వారం వారం పరీక్షలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లకి నా సలహా అటానమస్. ఆ అలవాటు మిడ్స్‌కి సరిగ్గా సరిపోతుంది. కానీ ఇంటర్ హాస్టల్ గేటు దాటి బయటికొచ్చాక ఆ క్రమం ఊడిపోయే ప్రమాదం ఉంది. పైగా కౌన్సెలింగ్ చివరి విడతలో చేరినవారికి మొదటి మిడ్ ముంచుకొచ్చేస్తుంది. మొదటి సెమిస్టర్‌లో ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి మిడ్ తేదీలు అడిగితే తప్పులేదు.

ఇంటి బాధ్యతలున్నవారు, పార్ట్‌టైమ్ పని చేసుకునేవారు, గాజువాక నుంచి తగరపువలస వైపు రోజూ తిరిగేవారు హాజరు లెక్క ముందు చూడండి. 75 శాతం నియమం దాదాపు ఎక్కడైనా ఉంది. చాలాచోట్ల 65 పైన ఉంటే కారణం చూపించి ఫీజు కట్టి బయటపడవచ్చు, అంతకు దిగితే సెమిస్టర్ పోతుంది. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో మొదటి పీరియడ్ రోజూ పోతే, మంచి గ్రేడింగ్ ఉన్న దూరపు కాలేజీ కన్నా మామూలు పద్ధతి ఉన్న దగ్గరి కాలేజీయే మేలు. ఇలాంటి పిల్లలకి చివరి పరీక్ష బరువు ఎక్కువున్న పద్ధతి కలిసొస్తుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి మొదటి ఏడాది ఇంగ్లీష్‌లో రాయడమే పెద్ద పని. సప్లీలు త్వరగా పెట్టి, మిడ్ పేపర్లు తిరిగిచ్చే కాలేజీ వాళ్లకి కావాలి. తప్పు ఎక్కడ జరిగిందో చూడకపోతే రెండోసారీ అలాగే రాస్తారు. రిలేటివ్ గ్రేడింగ్ చోటు వాళ్లకి మొదట్లో ఇబ్బందే, ఫీజు రాయితీ వచ్చినా ఒకసారి ఆలోచించండి.

విదేశాల్లో ఎంఎస్ అనుకునేవారు ట్రాన్స్‌క్రిప్ట్‌లో సప్లీ ప్రయత్నాలు కనిపిస్తాయో లేదో అడగండి. కొన్ని చోట్ల ప్రతి ప్రయత్నం నమోదవుతుంది.

## సీటు ఖాయం చేసుకునే ముందు

కాలేజీ వెబ్‌సైట్‌లో అకడమిక్ రెగ్యులేషన్స్ అని ఒక పీడీఎఫ్ ఉంటుంది. ఈ ఏడాది చేరేవారికి వర్తించేదే చూడండి. ఆర్20, ఆర్23 అని పేరుతో పాటు ఏడాది ఉంటుంది, పాతది చూసి మోసపోకండి. అందులో వాల్యుయేషన్, ప్రమోషన్ రూల్స్, సీజీపీఏ మార్పిడి ఉన్న పేజీలు ప్రింట్ తీసుకుని, అర్థం కానిచోట పెన్సిల్‌తో గీత పెట్టి, ఎగ్జామినేషన్ సెక్షన్‌కి తీసుకెళ్లి అడగండి. అడ్మిషన్ కౌంటర్‌లో కూర్చున్నవారికి ఈ వివరాలు చాలాసార్లు తెలియవు. డిటెయిన్ అయి (పై సంవత్సరానికి పంపకుండా ఆపితే) లేదా ఆరోగ్యం బాగోక ఏడాది ఆగి మళ్లీ చేరే పిల్లలు కొత్త రెగ్యులేషన్‌లోకి మారాల్సి రావొచ్చు. అప్పుడు అదనంగా ఏ సబ్జెక్టులు రాయాలో లిస్టు రాతపూర్వకంగా తీసుకోండి.